ఈ రాత్రికి ఏది పెడదాం: థ్రిల్లరా, సూపర్‌హీరోనా, సైన్స్ ఫిక్షనా?

ఈ మూడింటిలో ఏది గొప్పదని వాదించుకోవడం నాకు టైమ్ వేస్ట్ అనిపిస్తుంది. మూడూ ఇష్టమే, మూడింటిలోనూ చెత్త బోలెడంత ఉంది. ఏది పెట్టాలో తేల్చాల్సింది మీ అభిరుచి కన్నా ఆ రోజు మీ పరిస్థితి. ఎంత ఓపిక మిగిలింది? పక్కన ఎవరున్నారు? చూసేది థియేటర్లోనా, హాల్లో టీవీలోనా, మంచం మీద పడుకుని ఫోన్‌లోనా? థ్రిల్లర్‌కి రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి. సూపర్‌హీరో సినిమాకి పక్కన మనుషులుండాలి. సైన్స్ ఫిక్షన్‌కి సినిమా అయిపోయాక కూడా కాస్త తీరిక కావాలి. దాని గురించి ఎవరితోనైనా వాదించకపోతే సగం మజా పోయినట్టే.

ఇక్కడ నేను చెప్పేవన్నీ ఒక అభిమాని అభిప్రాయాలు. మీకు నచ్చిన సినిమాని తీసిపారేస్తే కోప్పడకండి.

థ్రిల్లర్ అయితే ముందు ఫోన్ పక్కన పెట్టండి

థ్రిల్లర్ అని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు గానీ, ఎంచుకునేటప్పుడు రెండు రకాలుగా చూస్తే పని తేలికవుతుంది. ఒక రకంలో ఏం జరిగిందో మనకి తెలియదు, చివర్లో ముడి విప్పుతారు. రెండో రకంలో నేరం మన కళ్ల ముందే జరిగిపోతుంది, ఇక దొరికిపోతాడా లేదా అన్నదే టెన్షన్.

మొదటి రకానికి అడివి శేష్ ‘ఎవరు’ (2019) మంచి ఉదాహరణ. ఒక గదిలో ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటే, ఒకే సంఘటన ఒక్కోసారి ఒక్కోలా కనిపిస్తుంది. దీనికి మూలం ఒక స్పానిష్ సినిమా. అదే ఏడాది హిందీలో ‘బద్లా’గా వచ్చింది కూడా అదే కథ. హిందీది చూసేశాం కదా అని తెలుగుది వదిలేయకండి. కథనంలో మార్పులు బాగానే చేశారు. అయితే ఇలాంటి సినిమాలతో ఒక చిక్కు ఉంది. ట్విస్టు మీద నిలబడ్డ సినిమా గోలీ సోడా లాంటిది, కొట్టిన క్షణంలోనే ఉంటుంది సరదా అంతా. ఎవరైనా ముందే చెప్పేస్తే మిగిలేది ఏమీ లేదు. కాబట్టి చూడాలనుకుంటే వెంటనే చూసేయండి, ట్రైలర్ జోలికి కూడా పోవద్దు. ప్రతి ఆఫీసులోనూ ఒక మహానుభావుడు ఉంటాడు, “నేను స్టోరీ చెప్పను గానీ, ఆ డాక్టర్ మీద ఒక కన్నేసి ఉంచు” అంటాడు. ఆయనకి సోమవారం దాకా దూరంగా ఉండాలి.

రెండో రకం నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అది రెండోసారికి కూడా చచ్చిపోదు. ‘దృశ్యం’ చూడనివాళ్లు ఇంకా ఎవరైనా మిగిలుంటే ఈ పేరా దాటేయండి. మలయాళంలో 2013లో, తెలుగులో వెంకటేశ్‌తో 2014లో వచ్చింది. పెద్దగా చదువుకోని కేబుల్ టీవీ ఆపరేటర్, సినిమాలు చూసి చూసి నేర్చుకున్న తెలివితో కుటుంబాన్ని కాపాడుకుంటాడు. దాంట్లో నాకు బాగా నచ్చే పని ఒకటుంది. నేరం జరిగింది ఒక రోజున అయితే, ఆ తర్వాత వేరే రోజున కుటుంబంతో ఊరు వెళ్తాడు. బస్సు ఎక్కుతారు, హోటల్లో తింటారు, సినిమా చూస్తారు. కొన్నాళ్లకి మళ్లీ వెళ్లి అదే కండక్టర్‌నీ, హోటల్ యజమానినీ, థియేటర్లో ప్రొజెక్టర్ నడిపే అతన్నీ పలకరించి, మాటల్లో మాటగా నేరం జరిగిన తేదీని వాళ్ల బుర్రలోకి ఎక్కిస్తాడు. పోలీసులు వచ్చి అడిగినప్పుడు వాళ్లెవరూ అబద్ధం చెప్పరు. నిజంగానే ఆ తేదీనే చూశామని నమ్ముతారు. ఈ సంగతి తెలిశాక మళ్లీ చూస్తే, కండక్టర్‌తో మాట్లాడే మామూలు సీను కూడా గుండె దడదడలాడిస్తుంది. కథ తెలిసినా టెన్షన్ తగ్గని సినిమాలు ఎక్కువ ఉండవు. వాటిని పట్టుకుంటే టీవీలో ఎన్నిసార్లు వచ్చినా చూడొచ్చు.

సైకో కిల్లర్ సినిమాల మీద మాత్రం నాకు విసుగొచ్చేసింది. ఊళ్లో అమ్మాయిలు వరసగా మాయమవుతారు, హీరో గోడ మీద ఫోటోలు అంటించి ఎర్రదారాలు కడతాడు, చివరి ఇరవై నిమిషాల్లో హంతకుడి చిన్ననాటి కష్టాలు చూపిస్తారు. పది సినిమాల్లో ఎనిమిదింటికి ఇదే అచ్చు. హింస కూడా ఏటికేడు పెరుగుతోంది. ‘హిట్’ సిరీస్‌నే చూడండి. 2020లో వచ్చిన మొదటిది మనిషి మాయమైన కేసు చుట్టూ నడిచే దర్యాప్తు. 2025లో నాని చేసిన మూడోదానికి వచ్చేసరికి ‘ఎ’ సర్టిఫికెట్, నరుకుడు పూర్తి స్థాయిలో. మూడింటికీ హీరోలు వేరు, కేసులు వేరు. కాబట్టి రక్తం పడనివాళ్లు మొదటిదాంతో ఆపేసినా నష్టమేమీ లేదు.

థ్రిల్లర్ అంటేనే భయపడేవాళ్లు ఇంట్లో ఉంటే ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ (2019) పెట్టండి. నెల్లూరులో చిన్న డిటెక్టివ్ ఆఫీసు నడుపుకునే కుర్రాడి కథ. నవ్విస్తూ నవ్విస్తూనే కేసు లోపలికి లాక్కెళ్తుంది, ఆ కేసు మాత్రం తేలికైంది కాదు.

వెబ్ సిరీస్‌ల సంగతి వేరే చెప్పాలి. రెండు గంటల్లో అయిపోయే కథని ఎనిమిది ఎపిసోడ్లకి సాగదీసి, ప్రతి ఎపిసోడ్ చివరా ఎవరో తలుపు తట్టినట్టు ముగించడం ఒక జబ్బుగా మారింది. దీన్ని తప్పించుకున్నవాటిలో ‘ది ఫ్యామిలీ మ్యాన్’ ఒకటి. తీసిన రాజ్, డీకే ఇద్దరూ మన తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లు. అందులో ఉగ్రవాదుల వేట ఎంత ఉంటుందో, ఇంటి గొడవ అంత ఉంటుంది. రెండో సీజన్ మొదట్లో హీరో అయిన గూఢచారి ఐటీ కంపెనీలో చేరి, తనకన్నా చిన్నవాడైన బాస్ దగ్గర చీవాట్లు తింటుంటాడు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఆ సీన్లు బాంబుల కన్నా ఎక్కువ టెన్షన్ పెడతాయి.

ఇంకో చిన్న సలహా. థ్రిల్లర్ వరకు మాత్రం తెలుగులోనో, మీకు బాగా వచ్చిన భాషలోనో దొరికేదే ఎంచుకోండి. ఈ సినిమాల్లో క్లూ ఎప్పుడూ ఫ్రేములో ఓ మూల ఉంటుంది: తీసి ఉన్న కిటికీ, గోడ మీది గడియారం, టేబుల్ మీది రెండో కప్పు. మీ కళ్లు కింద సబ్‌టైటిల్స్ చదవడంలో ఉంటే అవి జారిపోతాయి. తర్వాత “ఇదెప్పుడు చూపించాడు?” అని వెనక్కి జరుపుకుంటూ కూర్చోవాలి.

సూపర్‌హీరో: బలం ఎంత అన్నది ముఖ్యం కాదు

సూపర్‌హీరో సినిమాల్ని చిన్నపిల్లల సినిమాలని కొట్టిపారేసేవాళ్లతో నాకు పడదు. అలాగని వచ్చిన ప్రతిదానికీ పరిగెత్తేవాళ్లతోనూ పడదు. ఈ సినిమాలకి నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: హీరో ఏం చేయలేడు? ఆ సంగతి మొదటి అరగంటలో తెలిసిపోవాలి. అన్నీ చేయగలిగినవాడి ఫైట్ చూస్తూ ఎవరైనా ఎందుకు కంగారు పడాలి?

ఆ లెక్కన చూస్తే మన తెలుగులో వచ్చిన అసలైన సూపర్‌హీరో సినిమా రాజమౌళి ‘ఈగ’ (2012) అంటాను. కాదంటే వాదించడానికి సిద్ధం. ఈగకి ఉన్న బలం ఏమిటి? ఎగరడం, చెవి దగ్గర గుయ్‌మనడం. అంతే. అరచేత్తో కొడితే పోతుంది. ఈగగా మళ్లీ పుట్టిన హీరో ఆ చిన్న ప్రాణంతో అంత పెద్ద విలన్ సుదీప్‌కి నిద్ర లేకుండా చేస్తాడు. ఆవిరి గదిలో చుక్కలు చూపిస్తాడు, కారు నడుపుతుంటే ముఖం మీద వాలి యాక్సిడెంట్ చేయిస్తాడు, ఆ తర్వాత కారు అద్దం మీద చంపేస్తానని రాసి చూపిస్తాడు. సమంత పాత్ర సూక్ష్మ కళాకారిణి కావడం కూడా ఊరికే పెట్టింది కాదు. ఈగకి కావాల్సిన కవచాలు, సూది లాంటి ఆయుధం తయారుచేయడానికి అలాంటి చేతులే కావాలి. ప్రతి బలానికీ ఒక లెక్క, ప్రతి బలహీనతకీ ఒక ఉపాయం. వందల కోట్ల సినిమాల్లో చాలావాటికి ఈ లెక్క ఉండదు.

మలయాళం ‘మిన్నల్ మురళి’ (2021) ఇదే కోవలోది. ఒకే రాత్రి, ఒకే ఊళ్లో ఇద్దరి మీద పిడుగు పడుతుంది. ఒకడు టైలర్, ఇంకొకడు టీ కొట్లో పనిచేసే, ఊరంతా వెర్రివాడని చూసే మనిషి. ఇద్దరికీ ఒకే శక్తి వస్తుంది. రెండోవాడు విలన్ ఎందుకయ్యాడో చూస్తుంటే, హీరో గెలవాలో వద్దో తేల్చుకోలేకపోతాం. ఆ విలన్‌గా చేసిన గురు సోమసుందరం నటన కోసమైనా చూడాల్సిందే.

మన దగ్గర ఈ జాతి సినిమాకి ఒక సొంత దారి ఉంది. అమెరికాలో బలం ప్రయోగశాల నుంచో, సాలెపురుగు కాటు నుంచో వస్తే, మనకి దేవుడి నుంచి వస్తుంది. 1980లోనే ఎన్టీఆర్ ‘సూపర్ మ్యాన్’ వచ్చింది, అందులో హీరోకి శక్తి ఇచ్చేది ఆంజనేయుడు. నలభై నాలుగేళ్ల తర్వాత 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’లోనూ అదే స్వామి. ఈ రెండోదాంట్లో నన్ను ఆకట్టుకున్నది విలన్ మొదటి సీను. సూపర్‌హీరో కావాలన్న పిచ్చితో, సూపర్‌హీరోలకి అమ్మానాన్నలు ఉండరు కదా అని పసితనంలోనే కన్నవాళ్లని చంపేస్తాడు. కామిక్స్ పిచ్చి మీద అంత నల్లటి జోకు తెలుగులో నేను అంతకుముందు చూడలేదు. ఆ పాత్రని చివరిదాకా అదే స్థాయిలో నడిపించి ఉంటే బాగుండేది. 2025లో మలయాళం నుంచి తెలుగులోకి ‘కొత్త లోక’గా వచ్చిన సినిమా దేవుణ్ని వదిలి జానపద కథల్లోని యక్షిని పట్టుకుంది. దారి ఇంకా చాలా ఉందని అది చూశాక అనిపించింది.

అమెరికా సూపర్‌హీరో సినిమాల కంపెనీ మార్వెల్ సంగతికొస్తే, ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లకి అది సినిమా కాదు, సిలబస్. 2008 ‘ఐరన్ మ్యాన్’ నుంచి 2019 ‘ఎండ్‌గేమ్’ దాకా 22 సినిమాలు. ఎండ్‌గేమ్ ఒక్కటే మూడు గంటలు, అదీ ముందువన్నీ చూసినవాళ్లకే అర్థమయ్యే మూడు గంటలు. అన్నీ చూడక్కర్లేదు. ‘ఐరన్ మ్యాన్’, మొదటి ‘అవెంజర్స్’, ‘ఇన్ఫినిటీ వార్’, ‘ఎండ్‌గేమ్’ చూస్తే కథ మొత్తం పట్టుబడకపోయినా జనం ఎందుకు ఏడ్చారో తెలుస్తుంది. ఇవి తెలుగు డబ్బింగ్‌లో చూడటానికి మొహమాటపడకండి. ఇన్ఫినిటీ వార్‌లో విలన్ థానోస్‌కి మన రానా గొంతు ఇచ్చాడు, ఆ గొంతులో భల్లాలదేవుడు కనిపిస్తుంటే ఇంకో రకం మజా. ఎండ్‌గేమ్ తర్వాత వచ్చినవాటికి నేను పూచీ ఇవ్వను. సినిమాకి ముందు మూడు సిరీస్‌లు చూసి రమ్మంటే సంసారం ఉన్నవాళ్లకి కుదిరే పని కాదు.

సూపర్‌హీరో సినిమా ఒంటరిగా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే తేలిపోతుంది. ఇది ఈలల మీద బతికే సరుకు. థియేటర్ అయితే మొదటి రెండు మూడు రోజుల్లోనే, ఇల్లయితే పిల్లల్నీ మేనల్లుళ్లనీ పోగేసుకుని చూడాలి. మధ్యలో లేచి టీ పెట్టుకొచ్చినా కథ మిమ్మల్ని వదిలి ఎక్కడికీ పోదు, అది దీనికున్న సుఖం.

సైన్స్ ఫిక్షన్: గ్రాఫిక్స్ ఖర్చు చూసి మోసపోవద్దు

మనవాళ్లు ఎక్కువగా భయపడేది దీనికే. “అర్థం కాదేమో” అంటారు. భయం పోవాలంటే ‘ఆదిత్య 369’తో మొదలుపెట్టండి. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీశారు. ఆ రోజుల్లో ఇప్పటి గ్రాఫిక్స్ లేవు. టైమ్ మెషీన్ ఎక్కి 1526లో శ్రీకృష్ణదేవరాయల కాలానికి, అక్కడి నుంచి 2504కి వెళ్తారు. కథలో వజ్రం దొంగతనం ఉంది, ఇళయరాజా పాటలున్నాయి, తెనాలి రామకృష్ణుడు ఉన్నాడు, అణుయుద్ధం తర్వాత నేల కింద బతికే మనుషులూ ఉన్నారు. ఇంటిల్లిపాదీ చూడగలిగిన సైన్స్ ఫిక్షన్ మనకి ముందే ఉంది. 2025లో మళ్లీ థియేటర్లలో విడుదల చేశారు కూడా. భవిష్యత్తు భాగం ఇప్పుడు చూస్తే కొంచెం నాటకంలా ఉంటుంది, ఒప్పుకుంటాను. రాయల భాగం మాత్రం ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

తెలుగులో సైన్స్ ఫిక్షన్ అంటే ఎక్కువగా టైమ్ ట్రావెలే ఎందుకు ఉంటుందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. గ్రహాంతరవాసులు మనకి పెద్దగా పట్టరు. పోయినవాళ్లని మళ్లీ చూడగలమా అన్న ప్రశ్న మాత్రం వెంటనే తగులుతుంది. ‘ఒకే ఒక జీవితం’ (2022) పూర్తిగా దాని మీదే నడుస్తుంది. శర్వానంద్ 1998కి వెళ్లేది లోకాన్ని కాపాడటానికి కాదు, చనిపోయిన అమ్మని చూడటానికి. అమల అమ్మగా చేసింది. యంత్రం ఎలా పనిచేస్తుందో ఎవరికీ గుర్తుండదు, అమ్మ వంటింట్లో నిలబడితే మాత్రం గొంతు పట్టేస్తుంది.

హాలీవుడ్ ‘ఇంటర్‌స్టెల్లార్’ (2014) ఇక్కడ అంతగా అతుక్కుపోవడానికీ అదే కారణమని నా నమ్మకం. కృష్ణబిలం (బ్లాక్ హోల్) పక్కనున్న గ్రహం మీద ఒక గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు. కాస్త ఆలస్యం జరిగి ఓడలోకి తిరిగొచ్చేసరికి ఇరవై మూడేళ్లు పోయాయి. తండ్రి కూర్చుని పిల్లలు పంపిన వీడియోలు ఒక్కొక్కటే చూస్తాడు. కొడుకు కుర్రాడిగా మొదలై, పెళ్లి చేసుకుని, బిడ్డని చూపించి, ఆఖరికి ఇక ఆశ వదిలేస్తాడు. తండ్రి వయసు మాత్రం ఆ కొద్ది గంటలే పెరిగింది. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కిప్ థోర్న్ సలహాతో లెక్కలన్నీ వేశారు నిజమే గానీ, ఆ వీడియోల ముందు మనకి లెక్కలు గుర్తుకురావు. పరదేశంలో ఉద్యోగం చేస్తూ ఇంటి ఫంక్షన్లన్నీ ఫోన్‌లో చూసే తెలుగువాళ్లకి ఈ సీను గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

అంతరిక్షం సినిమాలకి తెర పెద్దదై ఉండాలి, దీంట్లో బేరం లేదు. హైదరాబాద్‌లో ప్రసాద్స్ పెద్ద తెర ఉంది. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకి సూళ్లూరుపేటలో దాదాపు వంద అడుగుల వెడల్పు తెర ఉంది. శ్రీహరికోట పక్కనే అంతరిక్షం సినిమా చూసే యోగం అందరికీ ఉండదు. అన్నట్టు, అక్కడి నుంచి 2013 నవంబరులో బయల్దేరిన మంగళయాన్‌కి అయిన ఖర్చు, అంతకు నెల ముందు విడుదలైన ‘గ్రావిటీ’ సినిమా ఖర్చు కన్నా తక్కువ. ఆ గ్రావిటీ చేసిన మంచి పని ఏమిటంటే, గంటన్నరలో ముగించింది. మొదటిసారి అంతరిక్షం సినిమా చూసేవాళ్లకి నేను ఇచ్చేది అదే.

తెర చిన్నదైతే ఆలోచన పెద్దదిగా ఉన్న సినిమా వెతుక్కోవాలి. 2013లో వచ్చిన ‘కొహెరెన్స్’ అని ఒకటుంది. తోకచుక్క వెళ్తున్న రాత్రి కొందరు స్నేహితులు భోజనానికి కలుస్తారు, కరెంటు పోతుంది, వీధి చివర ఒక్క ఇంట్లోనే దీపం కనిపిస్తుంది. వెళ్లి చూస్తే... ఇక చెప్పను. దర్శకుడి సొంత ఇంట్లోనే అయిదు రాత్రుల్లో తీశారు. నటులకి పూర్తి స్క్రిప్టు ఇవ్వకుండా ఏ రోజుకారోజు చీటీలు ఇచ్చారు, అందుకే వాళ్ల కంగారు నిజంగానే ఉంటుంది. ఇది సైన్స్ ఫిక్షన్ మాత్రమే కాదు, పక్కా థ్రిల్లర్ కూడా. రెండూ కావాలని ఇంట్లో గొడవైతే దీంతో రాజీ కుదుర్చుకోవచ్చు.

‘కల్కి 2898 ఏడీ’ (2024) గురించి అడగకుండా ఉండరు కాబట్టి చెప్తాను. ఆ లోకం కట్టిన తీరుకి దండం. ఎండిపోయిన గంగ, ఆకాశంలో తలకిందుల పిరమిడ్‌లా కాంప్లెక్స్, కురుక్షేత్రం నుంచి నడిచొచ్చిన అశ్వత్థామగా అమితాబ్. మొదటి సగం మాత్రం ఎటు పోతోందో తెలియక తిరుగుతుంది. ఇంట్లో చూసేటట్టయితే రెండు భాగాలుగా చూడండి, రెండో సగం రోజున కాస్త పెందలాడే మొదలుపెట్టండి. దీన్ని నేను సైన్స్ ఫిక్షన్ కన్నా సూపర్‌హీరో పక్కన పెడతాను, గుంపుతో చూస్తేనే పండే సినిమా.

మరి ఏది పెట్టాలి?

ఆఫీసు నుంచి వచ్చి తల పట్టుకుని కూర్చున్న రోజున సైన్స్ ఫిక్షన్ పెట్టకండి, గురక ఖాయం. ఆ రోజుకి థ్రిల్లరే మందు. టెన్షన్ మీద టెన్షన్ ఏంటని అనుకోవచ్చు గానీ, ఇంకొకడి కష్టం చూస్తుంటే మన మేనేజర్ కాసేపు గుర్తుకురాడు. ఒంటరిగా ఉంటే దీపాలు ఆర్పి ఇయర్‌ఫోన్స్‌తో ఫోన్‌లో చూసినా థ్రిల్లర్‌కి లోటేమీ రాదు.

చుట్టాలు వచ్చి పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తుంటే సూపర్‌హీరో తప్ప గతి లేదు. పెట్టేముందు సర్టిఫికెట్ చూడండి. ఇప్పుడు పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే యూఏలోనే 7, 13, 16 ఏళ్లని మూడు మెట్లు పెట్టారు, చూసుకుంటే సగం తలనొప్పి తప్పుతుంది. అయిదారేళ్ల పిల్లలకి ‘ఈగ’ మహా ఇష్టం, కాకపోతే ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో ఈగని కొట్టనివ్వరు. అమ్మానాన్నలతో అయితే ‘ఆదిత్య 369’, లేకపోతే ‘ఒకే ఒక జీవితం’. రెండోదానికి పక్కన చేతిరుమాలు పెట్టుకోండి.

టికెట్ డబ్బుల విషయంలో నేను కొంచెం పిసినారిని. థ్రిల్లర్‌కి థియేటర్‌కి వెళ్లడం నాకు ఇష్టమే గానీ, వెనక సీట్లో కూర్చుని గట్టిగా హంతకుణ్ని ఊహించేవాళ్ల వల్ల మానేశాను. నెలకి ఒక్క సినిమాకే బడ్జెట్ ఉంటే పెద్ద తెర సైన్స్ ఫిక్షన్‌కి పెట్టండి. థ్రిల్లర్ ఎలాగూ కొన్ని వారాల్లో ఓటీటీలోకి వస్తుంది, ఆ లోపు ఎవరూ కథ చెప్పకుండా చూసుకుంటే చాలు.

వరసగా సెలవులొచ్చి, ఇంట్లో ఎవరూ లేకుండా, బుర్ర కూడా ఖాళీగా ఉంటే అప్పుడు మాత్రం జర్మన్ సిరీస్ ‘డార్క్’ మొదలుపెట్టండి. మూడు సీజన్లు, 26 ఎపిసోడ్లు. ఒక చిన్న ఊరు, నాలుగు కుటుంబాలు, ఎవరు ఎవరికి ఏమవుతారో ఏ కాలంలో ఏమవుతారో కాగితం మీద వంశవృక్షం గీసుకుంటే తప్ప తేలదు. థ్రిల్లర్‌కి సబ్‌టైటిల్స్ వద్దన్న మాట దీనికి వర్తించదు, ఇందులో కాలం గురించి చెప్పే మాటలు చదువుకుంటేనే బుర్రకెక్కుతాయి. మొదటి మూడు ఎపిసోడ్లలో ఏమీ అర్థం కాకపోయినా వదలొద్దు. రెండో సీజన్ మధ్యలో మాత్రం ఎవరికీ ఫోన్ చేసి డౌట్లు అడక్కండి, వాళ్లు ఏం చెప్పినా అది మీకు ఇంకా జరగని కథే అవుతుంది.